45వ అంతస్తులో ఐదు నిమిషాలు

టోక్యో నగరాన్ని పైనుంచి చూడాలనుకునేవాళ్లకు చాలా చోట్లున్నాయి. 634 మీటర్ల స్కైట్రీ ఉంది. 1958 నుంచి నిలబడి ఉన్న టోక్యో టవర్ ఉంది. రెండింటికీ టికెట్ కొనాలి. టికెట్ అక్కర్లేని చోటు షింజుకులో ఉంది. స్టేషన్ పడమటి ద్వారం నుంచి బయటికొచ్చి కాసేపు నడిస్తే రెండు శిఖరాలతో బూడిదరంగు భవనం ఎదురవుతుంది. అది టోక్యో మహానగర ప్రభుత్వ కార్యాలయం. నగరం నీళ్లు, బడులు, పన్నులు, రోడ్లకు సంబంధించిన కాగితాలన్నీ కదిలేది అక్కడే. గవర్నర్ కూర్చునేదీ అక్కడే. హిరోషిమా శాంతి స్మారక మ్యూజియానికీ, 1964 ఒలింపిక్స్ కోసం కట్టిన యొయొగి స్టేడియానికీ నమూనా గీసిన కెంజో టాంగేయే దీనికీ రూపమిచ్చారు. 1990 చివర్లో కట్టడం పూర్తయింది. 48 అంతస్తులు, 243 మీటర్ల ఎత్తు. రెండు శిఖరాల్లోనూ 45వ అంతస్తులో, 202 మీటర్ల ఎత్తున, నాలుగు పక్కలా అద్దాలతో పెద్ద హాలుంది. ఎవరైనా వెళ్లొచ్చు. కింద సంచి తెరిచి చూపిస్తే చాలు, లిఫ్టు నిమిషంలోపే పైకి చేరుస్తుంది.

నన్ను అక్కడికి తీసుకెళ్లినవాడు మా చిన్నమ్మ కొడుకు. సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఒక కార్ఖానాలో మెయింటెనెన్స్ పని. కంపెనీ ట్రైనింగుకు పంపితే టోక్యో పక్కన హాస్టల్లో ఉంటున్నాడు. నేను వేరే పని మీద జపాన్ వెళ్తూ ఆదివారం వాడి కోసం ఉంచుకున్నాను. సంగారెడ్డి వైపువాళ్లకు జపాన్ మరీ తెలియని దేశమేమీ కాదు. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో పెద్ద భవనాలు కొన్ని జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా ఇచ్చిన రుణంతో లేచాయి, వాటి నమూనాల్లో టోక్యో విశ్వవిద్యాలయం వాస్తుశిల్పుల చేయి ఉంది. రుద్రారంలో తోషిబా ట్రాన్స్‌ఫార్మర్లు తయారవుతాయి. బొంబాయి రోడ్డు మీద పోయే కంపెనీ బస్సుల్లో జపాన్ మాట రోజూ వినపడేదే. అయినా వాడు నన్ను కార్ఖానాలు చూడ్డానికి పిలవలేదు. ఫోన్లో ఒకటే మాట చెప్పాడు: "అన్నా, ఈడ సర్కారాఫీసు మీద పియానో వెట్టిన్రు. ఎవరన్న వాయించొచ్చునంట. నువ్వు వస్తెనే నేను పోత."

వాడికి పియానో రాదు. హార్మోనియం వస్తుంది. ఊర్లో హనుమాండ్ల గుడిలో శనివారం భజనకు పెట్టె వాయించేవాడు. ఇస్నాపూర్‌లో అద్దె రూములోకి మారాక పెట్టె ఊర్లోనే ఉండిపోయింది. అది గుడిది, వాడిది కాదు.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే కిటికీల కన్నా ముందు స్వరాలు వినపడ్డాయి. హాలులో ఒక పక్కన పసుపుపచ్చ గ్రాండ్ పియానో. ఒళ్లంతా నల్లటి చుక్కలు, పెద్దవీ చిన్నవీ. చుట్టూ తాడు కట్టి, పక్కన వరుస నిలబడే చోటు గుర్తుపెట్టారు. దాని పేరు జ్ఞాపకాల పియానో. 2019 ఏప్రిల్ 8న ఇక్కడ పెట్టారు. కొత్తగా కొన్నది కాదు, నగరవాసి ఇచ్చిన వాద్యం. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయాక మూత తెరవకుండా పడి ఉండే పియానోలు జపాన్ ఇళ్లలో లెక్కలేనన్ని. వాటిలో ఒకదాన్ని ప్రభుత్వం అందరి మధ్యకూ తెచ్చింది.

ఆ చుక్కలు యాయోయి కుసామా ఆలోచన. 1929లో మత్సుమోతోలో పుట్టిన ఈ చిత్రకారిణికి చిన్నప్పుడే కళ్లముందు లోకమంతా చుక్కలుగా మారిపోయే భ్రాంతులు మొదలయ్యాయి. భయాన్ని బొమ్మలో పెట్టడం అలవాటు చేసుకున్నారు. 1950ల చివర్లో న్యూయార్క్ వెళ్లారు, పేరు తెచ్చుకున్నారు, 1973లో తిరిగొచ్చారు. 1977 నుంచి టోక్యోలో ఒక మానసిక చికిత్సాలయంలో, తన ఇష్టంతోనే, నివాసం. దగ్గర్లోనే స్టూడియో. ప్రపంచంలో ఎంతో ఖరీదుకు అమ్ముడుపోయే ఆ చుక్కలు ఇక్కడ ఒక పాత పియానో మీద ఉన్నాయి, బడిపిల్లల మోకాళ్లు తగులుతున్నాయి. నాకు అది గొప్పగా అనిపించింది. మ్యూజియంలో అయితే ఆమె పనికి మూడడుగుల దూరంలో నిలబడాలి. ఇక్కడ స్టూలు లాక్కొని కూర్చోవచ్చు.

కూర్చోవడానికి నియమం ఒకటే ముఖ్యం: తలా ఐదు నిమిషాలు. పొద్దున కొంతసేపు, మధ్యాహ్నం కొంతసేపు మూత తెరిచి ఉంటుంది. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు వాయిస్తారు, లేచి వెళ్లిపోతారు. పరీక్ష లేదు, ఏం వాయిస్తావని అడగరు. మేము వరుసలో నిలబడినంతసేపూ నేను కిటికీల వైపు చూడనేలేదు. శీతాకాలపు ఎండలో పడమటి దిక్కున ఫుజి పర్వతం తెల్లగా కనిపిస్తోందని జనం అటు పరుగెత్తుతున్నారు, నా చూపు మాత్రం స్టూలు మీదే ఉంది. ఒక అమ్మాయి, పదేళ్లుంటాయేమో, తల్లి పక్కన నిలబడి పేజీ తిప్పుతుంటే తప్పు లేకుండా వాయించింది. తర్వాత సూటు వేసుకున్న పెద్దాయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. పెన్సిలుతో చేతిరాత స్వరాలు. రెండుచోట్ల ఆగిపోయారు, మళ్లీ మొదటికి వెళ్లారు. ఎవరూ కదల్లేదు. చివరికి మొత్తం వాయించి, లేచి పియానోకు నమస్కరించి, మాకూ నమస్కరించి వెళ్లారు. ఆయనకు పడ్డ చప్పట్లు ఆ అమ్మాయికి పడ్డవాటికి తక్కువేమీ కాదు.

ఈ చోటు కొందరి జీవితాన్నే మార్చింది. ఇప్పుడు జపాన్‌లో హరామి-చాన్ అనే పేరు తెలియనివాళ్లు తక్కువ. ఐటీ కంపెనీలో పనిచేస్తూ, ఒంట్లో బాగుండక సెలవులో ఉన్న రోజుల్లో ఆఫీసులో సీనియర్ ఒకరు ఆమెను ఇక్కడికి తీసుకొచ్చి వాయించమన్నారు. 2019 వేసవిలో ఆ వీడియో దేశమంతా చూసింది. ఉద్యోగం వదిలి పియానోనే బతుకు చేసుకుంది. 2022 జనవరిలో నిప్పాన్ బుడోకాన్‌లో ఒంటరిగా కచేరీ చేసింది. మన గచ్చిబౌలిలో రాత్రిళ్లు తెరల ముందు కూర్చునే పిల్లల్లో ఇలాంటివాళ్లు ఎందరున్నారో. అయితే నన్ను పట్టుకున్నది ఆమె కీర్తి కాదు, ఆ సీనియర్. అలసిపోయిన మనిషిని మందుల షాపుకో మాల్‌కో కాకుండా ఇక్కడికి తీసుకురావాలని తోచడం. తోచడానికి ముందు ఊర్లో అలాంటి చోటు ఉండాలి కదా.

మా వంతు వచ్చింది. వాడు వెనక్కి జరిగాడు. "నాకేడొస్తదే అన్నా."

"పెట్టె వస్తది గద. గిదీ గంతే. కూసో."

కూర్చోగానే వాడి ఎడమచేయి తనంతట తానే పక్కకు వెళ్లింది. తిత్తి కోసం. హార్మోనియం వాయించేవాడికి ఎడమచేతి పని ఊపిరి ఊదడం, కుడిచేతి పని పాట. ఇక్కడ తిత్తి లేదు. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక మోకాలి మీద పెట్టుకున్నాడు. 88 మెట్లున్న వరుసలో తన షడ్జమం ఎక్కడుందో వెతికాడు. వాడి శ్రుతి ఒకటిన్నర, అంటే రెండు నల్లమెట్ల జంటలో మొదటిది. మధ్య స్థాయిలో అది దొరికింది. ఆనందభైరవిలో రామదాసు కీర్తన ఒకటి మొదలుపెట్టాడు, చిన్నప్పుడు గుడిలో నేర్చుకున్నది.

కష్టం వెంటనే బయటపడింది. హార్మోనియంలో మెట్టు నొక్కి ఉంచి గాలి ఊదుతున్నంతసేపూ స్వరం నిలబడుతుంది. భజనలో పాడేవాళ్లు దాన్ని పట్టుకునే శ్రుతిలో ఉంటారు. పియానోలో సుత్తి తీగను కొట్టి వెనక్కి వచ్చేస్తుంది, స్వరం పుట్టిన క్షణం నుంచే తగ్గిపోతుంటుంది. ఆనందభైరవి నిదానంగా నడవాల్సిన రాగం. వాడు ఒక స్వరం మీద ఆగితే అది కింద నుంచి జారిపోతోంది. దాన్ని నిలబెట్టడానికి అదే మెట్టును మళ్లీ మళ్లీ కొట్టాడు, డోలక్ దరువులా అయింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు మా వెనకాల వంతులో ఉన్న ఒక కాలేజీ పిల్ల ముందుకొచ్చి, ఏమీ మాట్లాడకుండా తన కుడి పాదాన్ని నేల మీద నొక్కి చూపించింది. పియానో కింద మూడు పెడళ్లున్నాయి. వాడు కుడివైపుది నొక్కాడు. తీగల మీది నుంచి ఒత్తులన్నీ లేచాయి. కొట్టిన స్వరం నిలిచింది, దాని మీదికి ఇంకోటి వచ్చింది, రెండూ కలిసి హాలంతా పరుచుకున్నాయి. అలా కలిసిపోవడం మన సంగీతానికి ఒప్పదని పెద్దవాళ్లు అంటారు. నాకు ఆ క్షణంలో ఒప్పింది. వాడు ఎడమచేతిని కూడా తెచ్చి కింది షడ్జమం మీద పెట్టాడు. అప్పటినుంచి అది భజనే.

ఐదు నిమిషాలు కాకముందే లేచాడు. చప్పట్లు కొట్టారు. చేతి కర్ర పట్టుకున్న ఒకామె ఎక్కడివాళ్లని సైగతో అడిగింది. "ఇండియా" అన్నాడు. కాస్త ఆగి, "ఇస్నాపూర్" అని కూడా చెప్పాడు.

వంతు అయ్యాక వాడు తాడు పక్కనే నిలబడి మూత లోపలికి తొంగి చూశాడు. మెయింటెనెన్స్ మనిషి చూపు అది. లోపల బంగారు రంగు వేసిన పోత ఇనుప చట్రం, దాని మీద 200కు పైగా ఉక్కు తీగలు. ఆ తీగలన్నీ కలిపి చట్రాన్ని లాగే బలం ఇంచుమించు 20 టన్నులు. 1700 ప్రాంతంలో ఇటలీలో బార్తొలోమెయో క్రిస్టోఫొరి మొదటి పియానో చేసినప్పుడు చట్రం కొయ్యది. 19వ శతాబ్దంలో పోత ఇనుము వచ్చాకే తీగలు లావై, బిగువు పెరిగి, పెద్ద హాలు నిండే చప్పుడు వచ్చింది. వాడికి ఇది చెప్పగానే మొదటి ప్రశ్న: "చట్రం పోత పోసినంక ఎన్నిదినాలు ఆరవెడ్తరు?" పటాన్‌చెరు ఫౌండ్రీల పక్కన పెరిగినవాడు అడిగే ప్రశ్న. పియానోను బంగళాల వస్తువుగా, దొరసానుల వస్తువుగా చూడడం మనకు అలవాటు. నిజానికి అది ఫౌండ్రీ, తీగ లాగే మిల్లు, వడ్రంగి షెడ్డు కలిసి కన్న బిడ్డ.

హాల్లో బల్ల మీద కూర్చుని జపాన్‌లో ఈ వాద్యం ఎలా మొదలైందో వాడికి చెప్పాను. 1887లో హమామత్సు పట్టణంలో ఒక ప్రాథమిక పాఠశాలకు చెందిన అమెరికా రీడ్ ఆర్గన్ పాడైంది. బాగుచేసేవాళ్లు లేరు. వైద్య పరికరాలు రిపేరు చేసే ఒకతన్ని పిలిపించారు. పేరు తొరాకుసు యమహా. లోపల విప్పి చూసి, ఇది నేనే చేయగలననుకున్నాడు. ఒక తోడు కళాకారుడితో కలిసి సొంతంగా ఒక ఆర్గన్ చేశాడు. దాన్ని కావడికి కట్టి హకోనే కొండల మీదుగా, ఇద్దరూ మోసుకుంటూ, టోక్యోలో సంగీత పాఠశాలకు తీసుకెళ్లారు. ఆకారం బాగుంది, శ్రుతి బాగాలేదన్నారు. అక్కడే కూర్చుని శ్రుతి శాస్త్రం నేర్చుకుని, తిరిగొచ్చి రెండోది చేశాడు. అది నెగ్గింది. 1897లో కంపెనీ, 1900లో మొదటి నిలువు పియానో. మోటారు సైకిళ్లు అర్ధశతాబ్దం తర్వాతి మాట.

"అంటే మెయింటెనెన్సోడే గద," అన్నాడు తమ్ముడు. వాడి ముఖంలో వెలుగు చూసి నాకూ సంతోషమైంది. రీడ్ ఆర్గన్ అంటే మన హార్మోనియానికి అక్క వరస: గాలి, ఇత్తడి నాలుకలు, మెట్లు. వాడు వాయించే పెట్టె లాంటి వస్తువుతోనే ఆ కథ మొదలైంది.

బహిరంగ పియానోలకు మాత్రం చరిత్ర చిన్నదే. 2008లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో లూక్ జెరామ్ అనే కళాకారుడు 15 పియానోలను వీధుల్లో పెట్టాడు. ఆయన ప్రతి వారాంతం బట్టలుతికే దుకాణానికి వెళ్లేవాడు. అవే ముఖాలు, అవే యంత్రాలు, ఒకరితో ఒకరు మాట్లాడరు. ఆ మౌనాన్ని కదిలించడానికి ఏదైనా పెట్టాలనుకున్నాడు. ఆ తర్వాత అలాంటి పియానోలు 2,000కు పైగా, దాదాపు 70 నగరాల్లో పెట్టారు. జపాన్‌లో మొదటిది 2011లో కగోషిమా-చువో స్టేషన్ దగ్గరి అంగడి వీధిలో, క్యూషు షింకన్‌సెన్ మార్గం పూర్తిగా తెరుచుకున్న ఏడాది. తర్వాత స్టేషన్లు, విమానాశ్రయాలు, పట్టణ మందిరాలు.

అన్నిచోట్లా నిలవలేదు కూడా. హ్యోగో ప్రాంతంలో కకొగావా స్టేషన్‌లో 2022 చివర్లో పెట్టిన పియానోను 2023 వసంతంలోనే తీసేశారు. వంతు దాటి వాయించేవాళ్లు, చప్పుడు మీద ఫిర్యాదులు. షింజుకులో ఇది నిలవడానికి కారణం నాకు కనిపించినంతలో పియానో కాదు. తాడు, గడియారం, వరుస, పక్కన నిలబడ్డ ఉద్యోగి. పెద్దాయనకూ ఐదే, అమ్మాయికీ ఐదే, ఇస్నాపూర్ వాడికీ ఐదే. వాద్యాన్ని కొనడం తేలిక, ఆ ఐదు నిమిషాలను అందరికీ సమానంగా కాపాడడం రోజూ చెయ్యాల్సిన పని.

హాలుకు ఒక చుట్టు వేశాం. మెయిజీ ఆలయం అడవి, దాని అవతల ఎత్తైన కట్టడాలు, చివరికి పొగమంచు. తమ్ముడు కిటికీకి ఆనుకుని ఉన్నట్టుండి మా వైపు మాట ఎత్తాడు. "బీరంగూడ గుట్ట మీద ఇట్ల ఉంటే?"

గుట్ట మీద భ్రమరాంబా మల్లికార్జున స్వామి గుడి ఉంది. అక్కడినుంచి చూస్తే అమీన్‌పూర్ చెరువు, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ వైపు చెట్లు, కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లు, వాతావరణం బాగుంటే పటాన్‌చెరు చిమ్నీలు. ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరంలోని చెరువుకు అలాంటి గుర్తింపు దేశంలో అదే మొదటిది. చూడ్డానికి జనం వస్తారు, దండం పెట్టుకుంటారు, ఫోటో దిగుతారు, దిగిపోతారు.

మా పటాన్‌చెరు పారిశ్రామిక బెల్టు చరిత్రంతా బయటి నుంచి వచ్చినవాళ్లతో నిండినదే. 1960ల్లో బీహెచ్ఈఎల్, 1972లో ఇక్రిశాట్, ఆ తర్వాత పారిశ్రామికవాడలు, 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలవడం, యెద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ. ముందు శ్రీకాకుళం, ప్రకాశం, మహబూబ్‌నగర్ నుంచి వచ్చారు. ఇప్పుడు బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్. ఇస్నాపూర్ చౌరస్తాలో ఆదివారం నిలబడితే హిందీ, భోజ్‌పురి, ఒడియా, తెలుగు కలిసి వినపడతాయి. ఒక్కో రూములో నలుగురైదుగురు, షిఫ్టులు వేరు కాబట్టి పడకలు పంచుకుంటారు. పాట ఉంటుంది, ఫోన్లో, చెవిలో. రూములో ఒకడు నిద్రపోతుంటాడు కాబట్టి నోరెత్తి పాడే వీలు లేదు.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. కనిపించకుండా పోయినవాళ్లతో కలిపి 50 మందికి పైగా కార్మికులు పోయారు. తర్వాతి రోజుల్లో పేపర్లలో వచ్చిన జాబితాల్లోనే చాలామంది పేర్లు, ఊర్లు, జిల్లాలు మాకు మొదటిసారి తెలిశాయి. ఏళ్ల తరబడి ఒకే రోడ్డు మీద చాయ్ తాగినవాళ్లు. వాళ్లలో ఎవరు పాడేవారో, ఎవరు డోలక్ కొట్టేవారో అడిగిన మనిషి లేడు. ఈ ప్రాంతంలో జనం ఒకచోట కూడి గొంతెత్తారంటే అది నక్కవాగులో పారే విషం మీద, జీతాల కోసం, గేటు ముందు శవాల కోసం. ఆ గొంతులు ఎత్తాల్సినవే, ఇంకా గట్టిగా ఎత్తాల్సినవి. వాటికి తోడు, ఏ బాధా లేని ఆదివారం నాడు కూడా ఒక మనిషి పదిమంది ముందు కూర్చుని వినిపించుకునే చోటు మా బెల్టులో ఉండాలని నేను నిండుమనసుతో కోరుకుంటున్నాను.

అది పియానో కానక్కర్లేదు. నా మాట అడిగితే కాకూడదు. మే నెలలో సంగారెడ్డి గాలికి కొయ్య ఎండి బిగుసుకుంటుంది, ఆగస్టులో తడికి ఉబ్బుతుంది. 200 తీగలను ఏటా రెండుసార్లయినా శ్రుతి చెయ్యాలి, చేసేవాళ్లు హైదరాబాద్ నుంచి రావాలి. హార్మోనియం అట్లా కాదు. 1840ల మొదట్లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ పేటెంటు తీసుకున్న వాద్యం, కాళ్లతో తొక్కేది. 19వ శతాబ్దం చివర్లో కోల్‌కతాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని చేత్తో ఊదే పెట్టెగా మార్చారు. అక్కడినుంచి దేశమంతా పాకింది. గమకం పలకదని ఆలిండియా రేడియో 1940లో దాన్ని గుమ్మం బయట నిలబెట్టింది, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్లూ అది భజన గుడుల్లో, దర్గాల్లో, పద్యనాటకం వేదికల మీద హాయిగా బతికింది. 1885లో మొదలైన సురభి నాటక కుటుంబాలు ఇప్పుడుండేది లింగంపల్లి పక్కనే, అంటే మా బెల్టు గుమ్మంలోనే. ఛఠ్ పండగకు చెరువుగట్టున పాడే బీహారీలకూ, కీర్తన పాడే ఒడియావాళ్లకూ ఈ పెట్టె తెలుసు. నేర్పనక్కర్లేదు. వాళ్ల ఊర్లలోనూ ఏదో ఒక గుడిలో ఒక పెట్టె ఉండిపోయే ఉంటుంది.

డబ్బు సంగతి అంటారా, 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. కళలు, సంస్కృతి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మా వైపు ఆ సొమ్ము నీళ్ల ప్లాంటుగా, బడి బెంచీగా కనపడుతుంది, మంచిదే. ఒక షెడ్డు, రెండు హార్మోనియాలు, ఒక డోలక్, చూసుకునే ఒక మనిషికి జీతం: కార్ఖానా లెక్కల్లో ఇది కంటికి ఆనదు.

మర్నాడు సెలవు దొరికింది. ఇద్దరం షింకన్‌సెన్‌లో హమామత్సు వెళ్లాం. స్టేషన్ పక్కనే నగరపాలక సంస్థ 1995లో తెరిచిన వాద్యాల మ్యూజియం. ఆసియా వాద్యాల మధ్య మన దేశానివీ ఉన్నాయి. కింద పాత రీడ్ ఆర్గన్లు, పియానోలు. ఒక గదిలో సందర్శకులు వాద్యాలను తీసి వాయించుకోవచ్చు. తమ్ముడు వాయించడం కంటే విప్పి చూడగలిగినవి చూడడంలో మునిగిపోయాడు. తిత్తి అంచులు ఎలా అతికారు, మెట్టు కింద స్ప్రింగు ఏది, గాలి ఎక్కడ కారుతుంది. ఫోన్లో కొలతలు రాసుకున్నాడు.

తిరుగు రైల్లో ఆ ఫోనే నా చేతిలో పెట్టాడు. షెడ్డు బొమ్మ గీశాడు. గుడిమెట్ల దారికి అడ్డం కాకుండా, వాన జల్లు కొట్టని వైపు గోడ. "పెట్టె కింద ఇనుప స్టాండు ఉండాలె, లేకపోతే ఎలుకలు తిత్తి కొరుకుతయి. మూతకు తాళం. చెవి గుడి పూజారి కాడొకటి, చాయ్ హోటల్ల ఒకటి."

"గంటలు?" అన్నాను.

"పొద్దుగాల ఆరింటికి తెరవాలె అన్నా. నైట్ షిఫ్ట్ అప్పుడే ఇడుస్తరు. ఎనిమిదింటి దాంక వాళ్లకే. జనరల్ షిఫ్టోళ్లు సాయంత్రం రావచ్చు, కంపెనీ బస్సు ఎట్లన్న కింద రోడ్డు మీదనే ఆగుతది."